ఐదు ముక్కుల వాంగ్మూలం

"పొద్దున ఏమైనా తిన్నావా అమ్మాయ్?"

హురియత్ ఏ విచారణ మొదలుపెట్టినా మొదటి ప్రశ్న ఇదే. సమర్‌ఖండ్ పోలీసు శాఖలో ఇరవై రెండేళ్ల సర్వీసు ఆమెది. ఖాళీ కడుపుతో ఉన్నవాళ్లు నిజం చెబుతూ చెబుతూ కళ్లు తిరిగి పడిపోతారనీ, పడితే తల బల్ల అంచుకి తగులుతుందనీ, తగిలితే ఒక కేసు కాస్తా రెండు కేసులవుతుందనీ ఆమె భయం. ఇంతవరకు ఒక్కరూ పడలేదు. అయినా భయం తగ్గలేదు.

ప్రయోగశాల ఆఫీసు గదిలో ఎదుట కూర్చున్న దిల్‌నవోజ్ తల అడ్డంగా ఊపింది. ఇరవై ఆరేళ్ల పిల్ల, అక్కడే పరిశోధన చేస్తోంది. తెల్లకోటు గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకుంది. ఏడ్చి ఏడ్చి ముక్కు బీట్‌రూట్ ముక్కలా ఉంది.

"చూశావా, అనుకుంటూనే ఉన్నాను!" హురియత్ సంచిలోంచి ఎండు ఆప్రికాట్ల పొట్లం తీసి ముందుకు తోసింది. "నములుతూ చెప్పు. మెల్లగా. గింజలుంటాయి, గొంతుకి అడ్డం పడతాయి. ఏం పోయింది?"

"నీలం పెట్టె, ఓపా." సమర్‌ఖండ్‌లో వయసులో చిన్నవాళ్లంతా ఆమెని అలాగే పిలుస్తారు, అక్కా అని. "తొంభై ఆరు మంది రొట్టెలవాళ్ల ముక్కులు. మూడు చలికాలాలు తిరిగి పోగుచేశాను."

హురియత్ చేతిలోని కలం జారిపోయింది. "ముక్కులా?"

"ముక్కులు కాదు ఓపా! ముక్కు లోపలి పొర. చిన్న బ్రష్‌తో తుడిచి తీసిన కణాలు. మనిషికో గొట్టం."

"అలా చెప్పు తల్లీ, గుండె ఆగినంత పనయింది." కలం తీసుకుంది. "రొట్టెలవాళ్ల ముక్కుల్లో ఏముందని?"

"వాళ్లు రోజూ తందూరులో తలదూర్చి రొట్టె అంటిస్తారు కదా. పొగంతా ముక్కులోకే. ఆ పొగలోని విషాన్ని విరగ్గొట్టడానికి ముక్కు పొరలో ఎంజైములు ఉంటాయి. పొగ తగలగానే ఆ కణాల్లోని జన్యువులు, ఇంకా ఎంజైములు చెయ్యండి, ఇంకా చెయ్యండి అని చీటీలు పంపిస్తాయి. చాయ్‌ఖానాలో జనం పెరిగితే వంటింట్లోకి ఆర్డరు చీటీలు పెరుగుతాయే, అలాగ. మేం ఆ చీటీలు లెక్కపెడతాం."

"పొగ పీల్చిన ఎంతసేపటికి తెలుస్తుంది?"

"మూడు నాలుగు గంటలకి బాగా పెరుగుతాయి. పొగ లేకపోతే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ తగ్గిపోతాయి."

హురియత్ అది కూడా రాసుకుంది. ఎందుకు రాసుకుందో అప్పటికి ఆమెకీ తెలియదు. ఏది రాసుకోకపోతే అదే కొంపముంచుతుందని ఆమె నమ్మకం.

అప్పుడే తలుపు తట్టకుండా తెరుచుకుంది. ముందు సెంటు వాసన వచ్చింది, వెనకాల మనిషి వచ్చాడు. తాష్కెంట్ నుంచి పదకొండింటి రైలుకి దిగిన సీనియర్ ఇన్‌స్పెక్టర్ మిర్జోహిద్. ముప్పై ఐదేళ్లుంటాయి. బూట్లు అద్దాల్లా ఉన్నాయి. చేతిలో బేడీలు.

"ఇంకా తినిపిస్తున్నారా, హురియత్ ఓపా? విచారణ అన్నారు, విందు అనుకోలేదు."

"నువ్వూ తీసుకో తమ్ముడూ. ముఖం పాలిపోయింది. రైల్లో కిటికీ పక్కన కూర్చున్నావా? చెవులకి గాలి తగిలిందా?"

"నేను మీ తమ్ముణ్ణి కాదు. సీనియర్ ఇన్‌స్పెక్టర్‌ని." అతను బేడీలు బల్ల మీద పెట్టాడు. "పరిశోధన విదేశాల వాళ్లతో కలిసి చేస్తున్నది. పెట్టె పోవడం చిన్న విషయం కాదు. ఐదింటికి కేసు నా చేతికి వస్తుంది. ఆరింటి రైలుకి ఈ అమ్మాయి నాతో తాష్కెంట్ వస్తుంది."

"ఏం చేసిందని?"

"లెక్కలు తప్పుగా వచ్చి ఉంటాయి. బయటపడకుండా పెట్టె మాయం చేసింది. ఇలాంటివి పది చూశాను."

"నేను చెయ్యలేదు!" దిల్‌నవోజ్ లేచి నిలబడింది. నిలబడగానే తూలింది.

"అదిగో! చెప్పానా!" హురియత్ ఒక్క అంగలో వెళ్లి పట్టుకుంది. ఆ పిల్ల చెయ్యి మంచులా ఉంది. హురియత్ పెద్ద కూతురు చెయ్యి కూడా పరీక్షల ముందు ఇలాగే ఉండేది. ఈ పిల్ల ఆరింటి రైలెక్కితే ఏమవుతుంది? తాష్కెంట్‌లో చలిగదిలో కూర్చోబెడతారు. దగ్గు పట్టుకుంటుంది. దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మూడేళ్ల చదువు మట్టిలో కలుస్తుంది. పెళ్లి సంబంధం కూడా ఏదైనా చూసి ఉంటే... హురియత్ ఆ ఆలోచనని అక్కడే ఆపింది. టైము పదకొండూ నలభై ఐదు. ఐదింటికి ఇంకా ఐదుంబావు గంటలు.

"ముందు గది చూద్దాం పద, తమ్ముడూ."

ఫ్రీజరు గది మొదటి అంతస్తు చివర ఉంది. ఒకే తలుపు, ఒకే కిటికీ. మధ్యలో ఛాతీ ఎత్తు డీప్ ఫ్రీజరు. గది తుడిచే బిబిసోరా గుమ్మంలోనే నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి. పొట్టిగా, గుండ్రంగా, పూల రుమాలు కట్టుకుని పిండిముద్దలా ఉంది.

"పొద్దున ఏం జరిగిందో మళ్లీ చెప్పు, పిన్నీ."

"ఏడూ ఐదుకి తాళంచెవి తీసుకున్నా. పుస్తకంలో సంతకం ఉంది, చూసుకో. బుధవారం బుధవారం ఇసిరిక్ పొగ వేస్తా. ఫ్లూ రోజులు, పైగా ఈ గది మీద ఎంతమంది కళ్లున్నాయో! విదేశాలనుంచి కూడా వచ్చి చూసిపోతున్నారు. దిష్టి తగలదూ? పెనంలో ఇసిరిక్ ఆకు వేసి ముట్టించి, పది నిమిషాలు గదంతా తిప్పా. ఏడూ ఇరవైకి ఫ్రీజరు మూత తీసి పెట్టెలకీ చూపించా. నీలం పెట్టె అక్కడే ఉంది. పాపం ఆ పిల్ల పెట్టె అని దానికి రెండుసార్లు తిప్పా."

"తర్వాత?"

"పెనం గదిలోనే ఉంచి, తలుపు చేరవేసి, మెట్లు తుడవడానికెళ్లా. ఏడూ యాభైకి వచ్చి కిటికీ తెరిచి, పెనం తీసి, తాళం వేశా. ఎనిమిదీ ఐదుకి దిల్‌నవోజ్ తాళం తీసుకుంది. నేను ఈ గుమ్మం దగ్గరే తుడుస్తున్నా. ఒట్టి చేతుల్తో వెళ్లింది, అయ్యో పెట్టె లేదని అరిచింది."

మిర్జోహిద్ నవ్వాడు. "శాస్త్ర పరిశోధన జరిగే చోట దిష్టి పొగ! బాగుంది. అయితే పెట్టె ఏడూ ఇరవైకీ ఏడూ యాభైకీ మధ్య పోయింది. ఈ అమ్మాయి ఎనిమిదింటికి వచ్చానంటుంది. చూసినవాళ్లెవరు? గేటు దగ్గర కెమెరా పాడై నెలయింది. ఏడున్నరకే వచ్చి, పొగలో దూరి, పట్టుకుపోయింది. ఎక్కడో దాచి, మళ్లీ ఎనిమిదింటికి వచ్చి ఏడ్చింది. అయిపోయింది కేసు."

"నేను ఏడుంబావు నుంచి పావుతక్కువ ఎనిమిదిదాకా వ్యాను కోసం స్టాపులో నిలబడ్డాను," అంది దిల్‌నవోజ్. "ఒక్కదాన్నే."

"అదే నేనూ అంటున్నా. ఒక్కదానివే."

హురియత్ వాళ్ల మాట వింటూనే గదంతా కలియజూసింది. నేల మీద ఫ్రీజరు కాళ్ల దగ్గర బూడిద. ఫ్రీజరు మూత చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ ఒక చోట కాలి, నల్లగా ముడుచుకుపోయింది. మూత సరిగా పడక ఆ సందులోంచి తెల్లటి నూగు మంచు బయటికొచ్చింది. పైకి చూసింది. పొగ వస్తే మోగే గంటకి ఎవరో స్నానాల టోపీ తొడిగారు. గులాబీ రంగుది.

"అగ్గి పుట్టి అందరూ మాడిపోతే? ఆ గంట ఎవరు మూశారు?"

"నేనేలే అమ్మా," అంది బిబిసోరా, నేల చూస్తూ. "లేకపోతే చెవులు చిల్లులు పడేలా మోగుతుంది."

హురియత్ పైకప్పు చూసింది. బిబిసోరాని చూసింది. గదిలో కుర్చీ లేదు, బల్ల లేదు. ఆమె ఇంకేమీ అడగలేదు, ఆ లెక్క మాత్రం మనసులో వేసుకుంది.

"ఇక్కడేమిటీ జాతర?" అంటూ ప్రొఫెసర్ తోలిబ్‌జాన్ లోపలికి వచ్చాడు. ప్రయోగశాలకి పెద్ద ఆయనే. కొంగలాంటి మనిషి. గుమ్మంలో తల వంచుకుని రావాల్సి వచ్చింది. "దొంగని పట్టుకోకుండా ఈ ముసలమ్మ పొగ కబుర్లు వింటున్నారా? దిష్టి, చేతబడి! ఈ మూఢనమ్మకాల మీద పేపర్లో రెండు వ్యాసాలు రాశాను నేను!"

"ఉస్తాద్, పొద్దున ఏం తిన్నారు?"

"పలావు. మా మేనమామ మనవడి పెళ్లి. పొద్దున పలావుకి పిలిచారు, ఎనిమిదిన్నరదాకా అక్కడే ఉన్నాను."

"ఎన్నింటికి మొదలెట్టారు వడ్డన?"

"ఆరింటికి."

"ఆరింటికి వడ్డిస్తే ఆరున్నరకి రెండో బంతి లేపుతారు, ఏడింటికి బల్లలు తుడిచేస్తారు. ఎనిమిదిన్నరదాకా ఎవరు కూర్చోనిస్తారు ఉస్తాద్?"

"బంధువులం! మాట్లాడుకోమా?" ప్రొఫెసర్ ముక్కు మీద కోపం వచ్చి కూర్చుంది. "నన్ను అనుమానిస్తున్నారా?"

"నేను అందరినీ అనుమానిస్తాను. మా చిన్నాడు బడి నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ట్రాము డ్రైవరు దగ్గర్నుంచి హెడ్‌మాస్టరుదాకా అనుమానిస్తాను." హురియత్ దిల్‌నవోజ్ వైపు తిరిగింది. "అమ్మాయ్, పెట్టె తీసినవాడు పొగలో నిలబడి తీశాడు. పొగలో నిలబడితే ముక్కు చీటీలు రాస్తుంది. అంతేనా?"

దిల్‌నవోజ్ వాచీ చూసుకుంది. "ఓపా... అవును. ఏడున్నర పొగంటే, ఇప్పుడు తీస్తే సరిగ్గా సరిపోతుంది. నాలుగు గంటలు ఇవ్వండి, యంత్రం చెప్తుంది."

"ముద్దాయే పరీక్ష చేస్తుందా?" మిర్జోహిద్ చప్పట్లు కొట్టాడు. "భలే. రేపు దొంగలకే తాళాలిద్దాం."

"అయితే నువ్వు కాపలా కూర్చో తమ్ముడూ. ఎవరి గొట్టం ఏదో ఈ పిల్లకి తెలియకూడదు. నంబర్లు నువ్వే వెయ్యి, పట్టీ నీ జేబులోనే పెట్టుకో. ఈ గదితో పనున్న ముగ్గురివీ తీద్దాం. పొగకి దూరంగా ఉన్న ముక్కు ఎలా ఉంటుందో తెలియాలిగా, అందుకు నీదీ నాదీ."

"నాది కూడానా?"

"భయమా?"

ఆ మాటతో సీనియర్ ఇన్‌స్పెక్టర్ పక్కనున్న పరీక్ష గదికి వెళ్లి, కోటు విప్పి కుర్చీలో కూర్చున్నాడు.

ముందుగా ప్రశ్నల కాగితం నింపాలి. సిగరెట్టు తాగుతారా? ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా? ఈ రెండు రోజుల్లో ఇంట్లో ఇసిరిక్ పొగ వేశారా? మిర్జోహిద్ మూడింటికీ లేదని పెద్ద అక్షరాలతో రాశాడు. ప్రొఫెసర్ అయితే మూడో ప్రశ్నకి కాగితమే చించబోయాడు. "నేను శాస్త్రవేత్తని!" దిల్‌నవోజ్ లేదంది, ఈ పని మొదలెట్టినప్పటినుంచి ఇంట్లో పొగ మాన్పించేసిందట. బిబిసోరా ఇంట్లో లేదు, ఇక్కడే వేశానంది. హురియత్ వంతు వచ్చింది. పక్కనే తాష్కెంట్ మనిషి కనుబొమ్మ ఎగరేసి చూస్తున్నాడు. హురియత్ గొంతు సవరించుకుని, లేదు అని రాసింది.

సన్నటి పుల్లంత బ్రష్. ముక్కులోకి రెండు అంగుళాలు వెళ్లి, మూడు చుట్లు తిరిగి, బయటికి వస్తుంది. ప్రొఫెసర్‌కి కళ్లనీళ్లు కారాయి, జీవితమంతా ఇతరుల ముక్కుల్లో పెట్టినవాడు తన ముక్కులో పెట్టేసరికి అమ్మా అన్నాడు. బిబిసోరా దిల్‌నవోజ్ ముఖం మీదే తుమ్మి, తన రుమాలు కొసతో తుడిచి, మళ్లీ తుమ్మింది. మిర్జోహిద్ కళ్లు మూసుకుని రాయిలా కూర్చున్నాడు. బ్రష్ బయటికి రాగానే వరసగా పదకొండు తుమ్ములు తుమ్మాడు. హురియత్ లెక్కపెట్టి మరీ రుమాలు ఇచ్చింది. "చెప్పానా, కిటికీ పక్కన కూర్చోవద్దని."

ఆ తర్వాత ఎదురుచూపులు. హురియత్ ఇంటికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. చిన్నాడికి దగ్గు పెరిగిందా, తగ్గిందా, తగ్గితే ఎందుకు తగ్గింది? అత్తగారు ఐదోసారి ఎత్తలేదు.

నాలుగూ ఇరవైకి యంత్రం కూసింది.

తెర మీద ఐదు గీతలు. చీటీలు ఎక్కువున్న ముక్కు గీత తొందరగా పైకి లేస్తుంది, లేనిది నేలబారుగా పాకుతుంది. మూడు గీతలు నేల మీదే ఉన్నాయి. రెండు మాత్రం రొట్టెలవాళ్ల ముక్కుల్లా భగ్గున లేచాయి.

"లేచినవి మూడూ, నాలుగూ," అంది దిల్‌నవోజ్.

మిర్జోహిద్ జేబులోంచి పట్టీ తీశాడు. "ఒకటి నేను. పొగ లేదు. సరే. రెండు..." ఆగాడు. "దిల్‌నవోజ్. పొగ లేదు."

ఆ పిల్ల కుర్చీలో కూలబడింది. హురియత్ ఈసారి పట్టుకోలేదు. పట్టుకునేంత తెరిపి ఆమెకే లేదు. లేచిన రెండు గీతల్లో ఒకటి ఎవరిదో ఆమెకి తెలిసిపోయింది.

"మూడు, ప్రొఫెసర్ గారు. పొగ ఉంది. నాలుగు..." మిర్జోహిద్ ముఖం వికసించింది. "హురియత్ ఓపా! పొగే పొగ! ఐదు, ఈ పిన్నిగారు. పది నిమిషాలు పెనం తిప్పిన మనిషి ముక్కులో పొగ లేదు! కేసు విచారించే పోలీసు ముక్కేమో మండుతోంది!" పట్టీని బల్ల మీద విసిరాడు. "ఇదీ మీ పరీక్ష. ముందు మిమ్మల్ని మీరే అరెస్టు చేసుకుంటారా, నన్ను చెయ్యమంటారా? అమ్మాయ్, సామాను సర్దుకో."

"నేను మొదటినుంచీ చెప్తున్నా, ఈ పరీక్ష లెక్కలోకి రాదని," అన్నాడు ప్రొఫెసర్, చెమట తుడుచుకుంటూ.

దిల్‌నవోజ్ హురియత్ వంకే చూస్తోంది. ఒక్క నిమిషం కింద విడుదలైన ముఖం, మళ్లీ తాళం పడిన ముఖం. హురియత్‌కి చెవులు వేడెక్కాయి. ఇరవై రెండేళ్లలో వాంగ్మూలం తప్పు రాసినవాళ్లని ఎంతమందిని కడిగిపారేసిందో.

"పరీక్ష తప్పు కాదు," అంది. "నేను తప్పు రాశాను."

"ఏమిటీ?"

"రోజూ వేస్తాను. పొద్దున్నే పిల్లలు ముగ్గురికీ, మా ఆయనకీ, అత్తగారికీ, పిల్లికీ. అందరికీ తిప్పి తిప్పి నేనే ఎక్కువ పీలుస్తాను. ఫ్లూ రోజుల్లో రెండు పూటలా. రాయడానికి సిగ్గేసింది." మిర్జోహిద్ నవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నవ్వుకో, తర్వాత. నా ముక్కు నిజమే చెప్పింది, నోరు అబద్ధం చెప్పింది. అయితే మిగతా ముక్కులు కూడా నిజమే చెప్తున్నట్టు. బిబిసోరా పిన్నీ, నువ్వు పొగలో లేవు."

బిబిసోరా రుమాలు కొస నోట్లో పెట్టుకుంది.

"ఆ గంట నీ తలకి రెండు మూరల పైనుంది. గదిలో ఎక్కడానికి పీట లేదు. టోపీ ఎవరు తొడిగారు?"

"చీపురు కర్రతో..."

"పిన్నీ. నువ్వు పెట్టె ఉందన్నావు కాబట్టే ఈ పిల్ల చేతికి బేడీలు పడుతున్నాయి. నీకు ఈ పిల్ల ఏమవుతుంది?"

"ఏమవుతుందేమిటి, రోజూ నాకు టీ పెట్టి ఇస్తుంది!" బిబిసోరా ఒక్కసారిగా బావురుమంది. "నాకు ఉబ్బసం అమ్మా! పొగ తగిలితే ఊపిరాడదు. తెలిస్తే పని తీసేస్తారు. అందుకే ఆయన అన్నాడు, నేనే వేస్తాలే పిన్నీ, నువ్వు వేశానని చెప్పు, అంతా సవ్యంగా ఉందని చెప్పు అని. దానివల్ల పిల్ల మీదికి వస్తుందని నాకేం తెలుసు!"

"ఎవరాయన?"

జవాబు అక్కర్లేకపోయింది. ఆ గంటకి చెయ్యి అందే మనిషి ఒక్కడే ఉన్నాడు. ప్రొఫెసర్ తోలిబ్‌జాన్ గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారి, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు.

"మా అమ్మ వేసేది," అన్నాడు చిన్నగా. "ప్రతి పరీక్ష ముందు. ఒక్కసారి వెయ్యకపోతే ఆ ఒక్కసారే తప్పాను."

"రెండు వ్యాసాలు రాశారుగా ఉస్తాద్!" అంది దిల్‌నవోజ్.

"రాసిన రోజున కూడా వేశాను." ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "నిప్పురవ్వ పడి ఫ్రీజరు పట్టీ కాలింది. మూత పడటం లేదు. నీ పెట్టె పాడవుతుందని భయమేసి తీసుకెళ్లి, కింద సెల్లారులో పాత ఫ్రీజర్లో పెట్టాను. పట్టీ మార్పించి మధ్యాహ్నానికల్లా తెచ్చి పెట్టేద్దామనుకున్నాను. ఈలోపు నువ్వు అరిచావు, పోలీసులొచ్చారు. తెద్దామని మూడుసార్లు వెళ్లాను. సెల్లారు తలుపుకి సీలు!"

"సీలెవరు వేశారు?" అంది హురియత్.

సెంటు వాసన తగ్గినట్టనిపించింది.

"పదకొండున్నరకి," అన్నాడు మిర్జోహిద్. "ఆధారాలు చెదిరిపోకుండా. ఆ అంతస్తు మొత్తం..." బూట్ల వంక చూసుకున్నాడు. "కరెంటు కూడా తీయించాను."

దిల్‌నవోజ్ అప్పటికే మెట్ల మీద ఉంది.

"సీలు తీయాలంటే ఇద్దరు సాక్షులు కావాలి, ఫారం నింపాలి!" అంటూ మిర్జోహిద్ వెనకాల పరిగెత్తాడు. హురియత్ అతన్ని దాటుకుని వెళ్లి మైనపు ముద్ర మీద బూటు మడమతో ఒక్క దెబ్బ వేసింది. "నేనొక సాక్షి, నువ్వొక సాక్షి. చూసి దిగు, మెట్లు తడిగా ఉన్నాయి, తల పగులుతుంది!"

చీకట్లో ఫోను దీపాలు. మూల పాత ఫ్రీజరు, చప్పుడు లేకుండా. దిల్‌నవోజ్ మూత ఎత్తి థర్మామీటరు లాగింది. రెండుసార్లు చదువుకుంది.

"మైనస్ ముప్పై ఎనిమిది." ఏడుస్తూ నవ్వింది. "బతికే ఉన్నాయి, ఓపా! మందు నీళ్లలో ఉన్నాయి, ఏం కాదు. ఉస్తాద్, పరిగెత్తి మీరు ఆ కరెంటు వేయించండి!"

ప్రొఫెసర్ కొంగలా రెండేసి మెట్లు ఎక్కాడు. మిర్జోహిద్ బేడీలు జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకుంటూ, ఎటో చూస్తూ, "ఒక్కోసారి అలా జరుగుతుంది, ఓపా," అన్నాడు. హురియత్ అతనికి ఆప్రికాట్ ఇచ్చింది. ఈసారి తీసుకున్నాడు.

దిల్‌నవోజ్ నీలం పెట్టె మూత తీసి, వేలు తగలకుండా వరసలు లెక్కపెడుతోంది. పన్నెండు వరసలు, వరసకి ఎనిమిది. ఒకసారి లెక్కపెట్టింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"తొంభై ఐదు."

"రాలిపోయిందేమో చూడు."

"రాలదు ఓపా, గుంటలో బిగించి ఉంటుంది. ఎవరో తీశారు. అరవై ఒకటో నంబరు. రొట్టెల పిర్‌నజర్ గారిది. నిన్న సాయంత్రం నేను చూసినప్పుడు ఉంది."

"నిన్న సాయంత్రానికీ పొద్దున ఉస్తాద్ ముట్టుకున్నదానికీ మధ్య తీశారన్నమాట." హురియత్ పెట్టెలోని ఖాళీ గుంట వంక చూసింది. ఇది నిప్పురవ్వ చేసిన పని కాదు. తొంభై ఆరు ముక్కుల్లో ఒక్క ముక్కు ఎవరికి కావాల్సి వచ్చింది? "ఆయన ఫోను నంబరుందా? చెయ్యి. అందరికీ వినపడేలా పెట్టు."

నాలుగు మోతల తర్వాత ఆడగొంతు వచ్చింది. పిర్‌నజర్ భార్య.

"ఆయన లేరమ్మా. ఇంకా పంపించలేదేం మీరు? సాయంత్రం పిండి కలపాలి, తందూరు చల్లగా పడుంది."

"మేం పంపడమేంటి?" అంది హురియత్.

"మీ పరీక్షలవాళ్లే కదా వచ్చి తీసుకెళ్లింది! ముక్కు మళ్లీ తుడవాలన్నారు. తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి, కారులో వచ్చింది. మర్యాదగానే మాట్లాడింది. పేరు కూడా చెప్పింది... దిల్‌నవోజ్ అని."

ఫోను పట్టుకున్న దిల్‌నవోజ్ దాన్ని హురియత్ చేతిలో పెట్టేసింది.

"ఎన్నింటికి వచ్చింది, అమ్మా?" హురియత్ అడిగింది. అడగకుండా ఉంటే బాగుండేదని అడిగాక అనిపించింది.

"పొద్దున. సరిగ్గా ఏడున్నరకి. రొట్టెలు దించే టైము, అందుకే గుర్తుంది."

ఫోను పెట్టేసిన చప్పుడు. పైన ఎక్కడో ప్రొఫెసర్ మీట నొక్కినట్టున్నాడు, సెల్లారు దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. మిర్జోహిద్ నములుతున్న ఆప్రికాట్ గింజ అరచేతిలోకి తీసుకుని, రెండో చేతిని జేబులో పెట్టాడు.

"ఏడున్నరకి ఈ అమ్మాయి పొగలో లేదు, ఓపా. మీ పరీక్షే తేల్చింది, పట్టీ నేనే చదివాను." బేడీలు బయటికి వచ్చాయి. "మరి ఏడున్నరకి ఎక్కడుంది?"